అలికాంటె కోటకు లిఫ్టా, నడకా? అత్తమామలతో వెళ్తున్నాం

పెసరట్టు: జులైలో స్పెయిన్ వెళ్తున్నాం. అలికాంటెలో ఒక్క రోజే. బెనకాంటిల్ కొండ మీది సాంటా బార్బరా కోట చూడాలి. మామయ్యగారికి 71, అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు, బాబుకు ఆరేళ్లు. మా ఆయన నడిచే ఎక్కుదామంటున్నారు. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

డబ్లిన్ కోడలు: లిఫ్టే. పోస్టిగెట్ బీచ్ ఎదురుగా రోడ్డు దాటితే సొరంగం, లోపలికి 200 మీటర్లు నడిస్తే లిఫ్ట్. కోట చూడ్డం ఉచితం, లిఫ్ట్‌కే టికెట్టు.

మెట్లదారి: కొండ ఎత్తు 166 మీటర్లండీ, ఎవరెస్టేం కాదు. సాంటా క్రూజ్ పేట సందుల్లోంచి, ఎరెటా పార్కు మీదుగా ఎక్కితే మలుపు మలుపుకీ సముద్రం ఇంకాస్త విప్పుకుంటుంది. లిఫ్ట్‌లో తేలినవాళ్లకు కోట అక్కడే ఎందుకు కట్టారో అర్థం కాదు. 1709లో ఫ్రెంచి సేన దాన్ని ఎక్కి పట్టలేక కొండను తొలిచి మందుగుండు పేల్చింది. లోపలున్న ఇంగ్లిషు సేనాని జాన్ రిచర్డ్స్ అందులోనే పోయాడు.

డబ్లిన్ కోడలు: అంటే ఫ్రెంచివాళ్లూ కొండ లోపలి నుంచే వచ్చారన్నమాట. మేమూ అంతే 🙂

ఎండుమిర్చి: 😂😂

మెట్లదారి: వెటకారం వద్దు. అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కినవాడి దర్శనం వేరు.

డబ్లిన్ కోడలు: బస్సులో వెళ్తే వెంకన్న మొహం తిప్పుకుంటాడా?

పాత చెప్పులు: మధ్యేమార్గం. లిఫ్ట్‌లో ఎక్కి, నడిచి దిగండి.

ఎండుమిర్చి: మోకాళ్లకు దిగడమే నరకం గురూగారూ.

మెట్లదారి: నేను పెద్దాళ్ల సంగతి అనట్లేదు. మొత్తమ్మీద లిఫ్ట్‌లో వెళ్తే కోట చూసినట్టు కాదంటున్నాను. 1248లో సెయింట్ బార్బరా పండగనాడు కాస్టిల్ రాకుమారుడు అల్ఫోన్సో దాన్ని గెలిచాడు, అందుకే ఆ పేరు. లిఫ్ట్ నొక్కి గెలవలేదు.

డబ్లిన్ కోడలు: మళ్లీ అదే పాట! అండీ, పోయిన ఆగస్టులో మా ఆయన కూడా అక్షరాలా ఇదే అన్నారు. పిల్లల్ని తీసుకుని ఎక్కేశారు. నేను మా అత్తగారితో బీచ్ బెంచీ మీద మూడు గంటలు. ఒళ్లో నాలుగు బ్యాగులు, గోరువెచ్చని నీళ్ల సీసా. తలెత్తితే కొండ అంచున ‘మూరు మొహం’ అంటారే (మూర్లంటే ఒకప్పుడు స్పెయిన్‌ను ఏలిన ముస్లింలు), మనిషి మొహంలా ఉండే ఆ రాయి. ముక్కూ గడ్డం దాకా బట్టీ పట్టేశాను. లిఫ్ట్ సొరంగం కళ్ల ముందే ఉంది. పైనుంచి వచ్చి, ‘నువ్వు చూడాల్సిందే, అద్భుతం’ అన్నారు.

మెట్లదారి: నేను మీ ఆయన్ని కాదండీ.

డబ్లిన్ కోడలు: కాదు. కానీ నడవొద్దని నేనెప్పుడన్నాను? మీరు నడుస్తుంటే కింద బ్యాగుల దగ్గర ఎవరు కూర్చున్నారో అది చెప్పండి చాలు.

పాత చెప్పులు: 🍿

ఎండుమిర్చి: మెట్లదారి గారూ, ఉన్నారా?

మెట్లదారి: ఉన్నాను. మా అమ్మ కూర్చుంది. తనకు ఎండ పడదు, తనే ఉంటానంది.

డబ్లిన్ కోడలు: మా అత్తగారూ అలాగే అన్నారు. నాతో మాత్రం, ‘పైన ఏముందో మనకూ చూపిస్తే బాగుండేదే’ అన్నారు.

పెసరట్టు: ఇదంతా మా ఆయనకు చదివి వినిపించాను. ఆ సొరంగం దగ్గర బ్యాగులు పెట్టుకునే చోటేమైనా ఉందా?