మోదుగపువ్వుకు వాసన ఎందుకు లేదు?

ప్రశ్న: "విద్యాహీనా న శోభంతే నిర్గంధా ఇవ కింశుకాః" (చదువు లేనివాళ్లు వాసన లేని కింశుకపూలలా శోభించరు) అనే సుభాషితం మా అమ్మాయికి చెబుతూ మధ్యలో ఆగిపోయాను. కింశుకం అంటే మోదుగ అని నిఘంటువులో ఉంది. ఆ పువ్వుకు నిజంగానే వాసన ఉండదా? చదువు లేనివాళ్లకు దాన్నే పోలికగా ఎందుకు తెచ్చారు?

జవాబు: ఉండదండీ. శ్లోకం చెప్పినాయన చెట్టును బాగా చూసే చెప్పాడు. శివరాత్రికి అటూ ఇటూగా ఆకు రాలిన కొమ్మల నిండా పూస్తుంది, దగ్గరికెళ్తే పరిమళమే లేదు. కానీ ఆయన ఇచ్చిన తీర్పు మాత్రం మోదుగకు తగదు.

కిం శుకః, "ఏమిటిది, చిలుకా?" అని ఈ పేరుకు వ్యుత్పత్తి చెబుతారు. ఒక పువ్వు చేతిలోకి తీసుకుంటే ఆ మాట ఎందుకొచ్చిందో తెలిసిపోతుంది. అడుగున నల్లగా, మెత్తటి నూగుతో రక్షకపత్రాల గిన్నె. అందులోంచి ఐదు ఎర్రటి రేకులు. కంది, చిక్కుడు పూలకున్న అమరికే: వెనక ఒకటి ధ్వజం, పక్కన రెండు రెక్కలు, ముందున్న రెండూ అతుక్కుని ద్రోణి. చిలుకముక్కులా వంగి ఉండేది ఆ ద్రోణే. దాన్ని మెల్లగా విప్పితే పది కేసరాలు కనిపిస్తాయి, తొమ్మిది ఒక కట్టగా, ఒకటి విడిగా.

ఈ పువ్వు పిలిచేది ముఖ్యంగా పిట్టల్ని. తేనెపిట్ట ముక్కుపెట్టి తేనె తాగుతుంటే ద్రోణి విచ్చుకుని పుప్పొడి దానికి అంటుకుంటుంది. పూలను వెతికే పిట్టలు వాసన పట్టి రావు, రంగు చూసి వస్తాయి. ఎరుపు, పుష్కలంగా తేనె ఉంటే చాలు. పరిమళం లేకపోవడం మోదుగకు లోటే కాదు.

మరో సభ్యురాలు: మా ఆదిలాబాద్ వైపు హోళీకి ఈ పూలను నానబెట్టి రంగు తీస్తారు. పలాశం కూడా ఇదేనా అండీ? పలాశం అంటే ఆకు కదా?

జవాబు: ఇదేనమ్మా. ఈ చెట్టుకు ఆకు పేరు రావడం సబబే. మనం మూడాకులు అనుకునేది నిజానికి ఒక్క ఆకు, ఒకే కాడకు మూడు పత్రకాలు. నడిమిది రెండువైపులా సమానంగా ఉంటుంది. పక్కవి రెండూ ఓరగా, ఒకవైపు వెడల్పు. విస్తళ్లు కుట్టేవాళ్లకు ఈ తేడా చేతికే తెలుస్తుంది.

కాయ ఇంకా విచిత్రం. చిక్కుడు కుటుంబమే అయినా కాయకు ఒకటే గింజ, అదీ కొసన. మిగతాదంతా పల్చటి రెక్క, ఎండాక గాలికి కొట్టుకుపోతుంది. శాస్త్రీయ నామంలో మోనోస్పెర్మా అన్నది ఈ ఒంటి గింజను చూసే. బ్యూటియా అనే ప్రజాతి పేరు మన సామర్లకోటలో ఏళ్లపాటు మొక్కల మీద పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ పెట్టినది, వృక్షశాస్త్రాన్ని ఆదరించిన బ్యూట్ ప్రభువు పేరు మీద. ఆ ప్రజాతిలోనే తీగమోదుగ కూడా ఉంది. మూడేసి పత్రకాలే, పూలు ఇంకా పెద్దవి, చెట్లను అల్లుకుని పైకి పాకుతుంది. మీ అడవుల్లో పూతమీద కనిపిస్తే ఫోటో పెట్టండమ్మా.