ఆల్చిప్పలతో రెడ్ వైన్ తాగి భంగపడ్డాను: ఫ్రెంచ్ బ్రాసరీలో దేనికి ఏది?

తూలూజ్_బాటసారి:
మొన్న పారిస్‌లో ఆఫీసువాళ్లతో ఒక బ్రాసరీకి, అంటే బీరూ వైనూ దొరికే భోజనశాలకి, వెళ్లాను. పచ్చి ఆల్చిప్పల పళ్లెం వచ్చింది. దర్జాగా ఉంటుందని బోర్డో రెడ్ తెప్పించాను. మొదటి గుక్కకే నోట్లో తుప్పు పట్టిన మేకు పెట్టుకున్నట్టయింది. వచ్చే నెల అక్కా బావా వస్తున్నారు. బావగారు గొడ్డుమాంసం తినరు, అక్క శాకాహారి. వాళ్ల ముందు మళ్లీ పరువు పోకుండా చూడండి.

నాంత్_ఏటిగట్టు:
తప్పు ఆల్చిప్పలది కాదు. రెడ్ వైన్‌లో ఇనుము పాలు ఎక్కువైతే సముద్రపు సరుకు నీచు పైకి తేలుతుంది. మా వైపు ఆల్చిప్పలకు మస్కదే అనే తెల్ల వైనే తాగుతారు. సీసా మీద ‘సుర్ లీ’ అని ఉన్నది చూసుకోండి. వైన్‌ను వెంటనే తేర్చకుండా అడుగున చేరిన మడ్డి మీదే చలికాలమంతా ఉంచుతారు. అందుకే పల్చగా ఉన్నా రుచి నిలుస్తుంది. పేరు చూసి మస్కట్ ద్రాక్ష వైన్ లాగా తియ్యగా ఉంటుందనుకోకండి, ఆ ద్రాక్ష వేరు, ఇది వేరు.

చలిదేశపు_తెలుగు:
షాబ్లీ ప్రాంతపు తెల్ల వైన్ కూడా బాగుంటుంది, ధరే ఎక్కువ. అక్కడి నేలలో శిలాజాలైన చిన్న ఆల్చిప్పలు ఉంటాయి, రుచి వాటి నుంచే వస్తుందంటారు. నాకు ఆ కథ మీద నమ్మకం లేదు. చలి ప్రాంతపు ద్రాక్షలోని పులుపే అసలు సంగతి అనిపిస్తుంది.

స్ట్రాస్‌బూర్గ్_వదిన:
అసలు బ్రాసరీ అంటే బీరు కాచే చోటు. 1870-71 యుద్ధం తర్వాత అల్సాస్ జర్మనీ చేతికి పోవడంతో అక్కడివాళ్లు చాలామంది పారిస్ చేరారు. పులియబెట్టిన క్యాబేజీ మీద పంది మాంసం, సాసేజ్‌లు పేర్చే షూక్రూత్‌కు పారిస్ బ్రాసరీల్లో అంత పేరు రావడంలో వాళ్ల పాత్ర పెద్దది. దానికి తీపి లేని అల్సాస్ రీస్లింగ్ అనే తెల్ల వైన్ చెప్పండి. కూరలో ఉన్నంత పులుపు వైన్‌లో లేకపోతే అది చప్పగా తేలిపోతుంది. బీరు తాగినా ఎవరూ తప్పు పట్టరు.

లియోన్_ఎనిమిదేళ్లు:
బాటసారి గారూ, తూలూజ్‌లో ఉండి బావగారికి ఏం పెట్టాలని అడుగుతున్నారా! బాతు కాలిని దాని కొవ్వులోనే మగ్గబెట్టే కాన్ఫీ మీ ప్రాంతపు వంటకమే కదా. పక్కన కహోర్ గానీ మాదిరాన్ గానీ, రెండూ రెడ్ వైన్లే. రెండూ నాలుక పీక్కుపోయేంత వగరు, కానీ బాతు కొవ్వు తగలగానే ఆ వగరు మెత్తబడుతుంది. కోడి వేపుడైతే మోర్గాన్ లాంటి బోజొలే, అంటే తేలికపాటి రెడ్ వైన్, చాలు, కాస్త చల్లగా, 13-14 డిగ్రీల దగ్గర. సీసా మొత్తం వద్దనుకుంటే 25 లేదా 50 సెంటీలీటర్ల కూజా అడగండి. బావగారు సంచిలోంచి ఆవకాయ తీస్తే మాత్రం మాదిరాన్ వద్దు, వగరు కారాన్ని ఇంకా మండిస్తుంది. అనుభవంతో చెబుతున్నాను.

స్ట్రాస్‌బూర్గ్_వదిన:
అక్కగారి విషయంలో జాగ్రత్త. ఉల్లిపాయ సూప్ శాకాహారమని చాలామంది పొరబడతారు, దాన్ని సాధారణంగా గొడ్డు ఎముకల రసంతో చేస్తారు. వేడి మేక చీజ్ సలాడ్ చెప్పండి, పక్కన సాన్సెర్ తెల్ల వైన్ చక్కగా కుదురుతుంది. పంది ముక్కలు వేయవద్దని ముందే చెప్పాలి. చీజ్ చేయడానికి పాలు విరగగొట్టే, దూడ కడుపులోంచి తీసే రెన్నెట్ పట్టింపు ఉంటే ఆ చీజ్ కూడా కుదరకపోవచ్చు.

తూలూజ్_బాటసారి:
రెన్నెట్ సంగతి అక్కను అడిగాను. “చీజ్ దాకా సరే, వైన్ మాత్రం ముట్టను” అంది. ఆమెకు కుళాయి నీళ్ల కూజా చెబుతాను, ఎలాగూ ఉచితమే. సాన్సెర్ బావగారూ నేనూ చూసుకుంటాం.