జీఆర్ఈ: మూడు ఖాళీల ప్రశ్నలు ఎట్ల చేస్తున్నారు?

ప్రశ్న: ఈసీఈ ఫైనలియర్, తిరుపతి బాలాజీ కాలనీలో రూమ్. విదేశాల్లో పీజీ చదువుకు రాసే జీఆర్ఈ పరీక్ష కోసం వర్డ్ లిస్టులు బట్టీ కొడతా ఉన్నా, అర్థాలడిగితే టకటకా చెప్తా. టెక్స్ట్ కంప్లీషన్‌లో, అంటే ఖాళీల్లో సరైన మాటలు నింపే ప్రశ్నల్లో, మూడు ఖాళీలు కనబడితే మాత్రం బుర్ర పనిచేయదు. రెండు కరెక్టయినా మార్కు రాదంట కదా?

జవాబు: రాదు తమ్ముడూ, మూడూ పడాల్సిందే. ఆప్షన్లు చేత్తో మూసేసి వాక్యం చదువు. ‘ఆల్దో’, ‘డిస్పైట్’ ఉంటే అర్థం అడ్డం తిరుగుతుంది. ఖాళీలో నీ సొంత మాట పెట్టుకో, తెలుగుదైనా సరే. ఆప్షన్లు ఆ తర్వాతే. మొదటి ఖాళీ నుంచే పోవాలని రూలేం లేదు, తేలికైంది ముందు పట్టు.

ఇంకొకరు: టైము కూడా చూసుకోబ్బా. మొదటి వర్బల్ (ఇంగ్లిష్) సెక్షన్‌లో 12 ప్రశ్నలకు 18 నిమిషాలే, ప్యాసేజీలూ అందులోనే. నెగటివ్ మార్కుల్లేవు, ఏదీ వదలొద్దు.

ప్రశ్న: సరేన్నా. పరీక్ష పెట్టే ఈటీఎస్ వాళ్ల ఫ్రీ ప్రాక్టీస్ టెస్టు పవర్‌ప్రెప్ ఇప్పుడే రాయాలా?

జవాబు: రెండున్నాయి కదా, ఒకటి రాసెయ్.