అన్నయ్య వదిలివెళ్లిన మోడల్ విమానాలు, ఇంజన్ గీతలు: ఎలా భద్రపరచాలి?

ప్రశ్న

మా అన్నయ్య కిందటి సంవత్సరం చనిపోయాడు. హైదరాబాదులో చదువుకునే రోజుల్లో ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో చేరి బాల్సా చెక్కతో విమానాలు చేయడం నేర్చుకున్న అతను, తర్వాత పంపుల కర్మాగారంలో ఉద్యోగానికి కుదిరినా, విమాన ఇంజన్ల మీద నుంచి మనసు మాత్రం మళ్లించుకోలేదు. యుద్ధవిమానాల కోసం 1986లో మొదలైన స్వదేశీ కావేరి ఇంజన్ ప్రాజెక్టు గురించి వచ్చిన వార్తలన్నీ కత్తిరించి దాచుకునేవాడు. 2008లో దానిని తేజస్ యుద్ధవిమానం నుంచి వేరు చేశారన్న వార్త పక్కన "థ్రస్ట్ (ముందుకు తోసే బలం) చాలలేదు, బరువు ఎక్కువైంది" అని మాత్రమే రాసుకున్నాడు.

తీగలతో అదుపు చేస్తూ ఎగరేసే రెండు కంట్రోల్ లైన్ విమానాలు, పూర్తికాని ఒక రెక్క, బిగుసుకుపోయిన 1.5 సీసీ డీజిల్ ఇంజన్, టూ స్ట్రోక్ ఇంజన్ల గీతలతో నిండిన నోటు పుస్తకాలు వదిన నాకు అప్పగించింది. అతను తీగలు పట్టుకుని మైదానం మధ్యలో నిలబడితే, అవతలి చివర విమానాన్ని పట్టుకుని వదిలే పని చిన్నప్పటి నుంచీ నాదే. మేనల్లుడికి ఇప్పుడు పదేళ్లు. తండ్రి ఏం చేసేవాడో వాడికి అర్థమయ్యేలా వీటిని ఉంచాలని నా కోరిక. ఇంజన్‌ను విప్పి మెరిసేలా శుభ్రం చేయించమని ఒకరు, అద్దాల బీరువాలో పెట్టి ముట్టుకోవద్దని మరొకరు చెబుతున్నారు. తెలిసినవారు దారి చూపగలరు.

జవాబు 1

అమ్మా, ఆ ఇంజన్‌ను ఎవరిచేతా విప్పించకండి. ఇలాంటి చిన్న డీజిల్ ఇంజన్లలో చాలావాటికి పిస్టన్ రింగులు ఉండవు. పోత ఇనుప పిస్టన్‌ను ఉక్కు సిలిండర్‌లో సరిగ్గా ఇమిడేలా అరగదీసి కూరుస్తారు, నడిచేకొద్దీ ఆ రెండూ ఒకదానికొకటి అలవాటు పడతాయి. విప్పి మళ్లీ బిగిస్తే ఆ కుదురు చెడుతుంది.

బిగుసుకుపోవడానికి కారణం బహుశా ఆముదమే. ఈ ఇంజన్ల ఇంధనంలో కిరోసిన్, ఈథర్, ఆముదం దాదాపు సమపాళ్లలో కలుపుతారు. ఈథర్ తక్కువ వేడికే అంటుకుంటుంది కనుక స్పార్క్ ప్లగ్ లేకుండా ఒత్తిడితోనే ఇంజన్ నడుస్తుంది, ఆముదం కందెన. వాడకం ఆగిపోయాక లోపల మిగిలిన ఆ ఆముదమే ఏళ్ల తరబడి ఆరి గట్టిపడుతుంది. హెయిర్ డ్రయ్యర్‌తో సిలిండర్‌ను నెమ్మదిగా వేడిచేసి, పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ ద్వారం గుండా పల్చటి మెషిన్ ఆయిల్ కొన్ని చుక్కలు వేసి, ఒక రాత్రి అలాగే ఉంచి, మర్నాడు మళ్లీ వేడిచేసి ప్రొపెల్లర్‌ను చేతితో మెల్లగా కదిలించి చూడండి. ప్లయర్‌తో బలవంతంగా తిప్పితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. బయటి మసి తుడవడం మీ ఇష్టం. నేనైతే తుడవను.

జవాబు 2

నా దృష్టిలో ఇంజన్ కన్నా నోటు పుస్తకాలు విలువైనవి. ఇంజన్ ఎవరో తయారుచేసింది, గీతలు మీ అన్నగారివి. మామూలు టూ స్ట్రోక్ ఇంజన్ సిలిండర్‌కు వాల్వులు ఉండవు; పైకీ కిందికీ కదిలే పిస్టనే సిలిండర్ గోడలోని ద్వారాలను తెరుస్తూ మూస్తూ ఉంటుంది కాబట్టి, ఏ ద్వారం ఎంత ఎత్తులో ఉండాలన్నదే డిజైన్ చేసేవారికి అసలు పరీక్ష. ఎగ్జాస్ట్ ద్వారం ఎత్తు పెంచితే అధిక వేగంలో శక్తి పెరుగుతుంది, నెమ్మదిగా తిరిగేటప్పుడు మాత్రం పట్టు తగ్గుతుంది. పుస్తకాల్లో వృత్తాలు, వాటి మీద డిగ్రీలు కనిపిస్తే, ఇంజన్ ఎంత తిరిగేసరికి ఏ ద్వారం తెరుచుకోవాలన్న లెక్కే అది.

కొట్టివేతలతో సహా ప్రతి పేజీని వరుస తప్పకుండా ఫొటో తీయండి. లామినేషన్ వద్దు. సెల్లోటేప్ అసలే వద్దు, దాని జిగురు కాగితాన్ని పాడుచేస్తుంది. విమానాలకు రబ్బరు బ్యాండ్లు ఉంటే తీసేయండి, పాతబడితే అవి జిగటగా మారి చెక్కకు అంటుకుంటాయి. రెక్కల మీది కాగితాన్ని తడిగుడ్డతో తుడవకుండా మెత్తటి పొడి కుంచెతో దులపండి. చెదల భయం ఉంటే ఇనుప బీరువా మేలు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. వృత్తాలు ఉన్నాయి. ఒకే సిలిండర్‌ను పేజీల కొద్దీ మళ్లీ మళ్లీ గీసి, ప్రతిసారీ ఎగ్జాస్ట్ ద్వారాన్ని అర మిల్లీమీటరు జరిపాడు. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షమన్నట్టు, మా వీధిలో ఎవరికి విమానాల గురించి సందేహం వచ్చినా అన్నయ్యనే అడిగేవారు. ఆ మాటకు అతనే ముందుగా నవ్వేవాడు, ఒంటి నిండా ఆముదం వాసన మరి. మేనల్లుడికి ఒక్కసారి ఈ ఇంజన్ నడిపి చూపించవచ్చా?

జవాబు 3

తప్పక చూపించండి. ఎన్‌సీసీ పిల్లలకు ఏరోమోడలింగ్ నేర్పినవాడిగా ఇంకొక మాట కూడా చెబుతాను: రెండు విమానాల్లో ఒకటి ఇంట్లో ఉంచుకుని, రెండోది ఎగరేసే పిల్లలకు ఇవ్వండి. అఖిల భారత వాయు సైనిక్ క్యాంపులో ఏరోమోడలింగ్ పోటీలు ఉంటాయి, వాటికి సాధన చేసే కేడెట్లకు అది పనికొస్తుంది. ఏదో ఒక రోజు నేలకు కొట్టుకుని విరుగుతుంది, నిజమే. ఎగిరే విమానం చేసిన మీ అన్నగారికి ఆ సంగతి తెలియనిది కాదు.

ఈథర్‌ను మాత్రం ఇంట్లో కలపవద్దు. దాని ఆవిరి గాలి కన్నా బరువైనది కనుక నేల వెంబడి పాకి దూరాన ఉన్న మంటనైనా అందుకుంటుంది. మూత తీసి చాలాకాలం నిల్వ ఉంచిన సీసాలో పేలే గుణమున్న పెరాక్సైడులు ఏర్పడతాయి. అనుభవమున్నవారి దగ్గరే, దిమ్మకు గట్టిగా బిగించి, ఆరుబయట నడపాలి. ప్రొపెల్లర్‌ను వేలితో కాక కర్రతో కొట్టాలి, బాబును ఇంజన్ వెనకవైపు దూరంగా నిలబెట్టాలి. ముందుగా కంప్రెషన్ స్క్రూను (సిలిండర్ పైన ఉండి లోపలి ఒత్తిడిని మార్చే మరను) కాస్త వదులు చేయడం మరవకండి. ఇంజన్ ఫొటో ఒకటి పెడితే, పాత ప్రొపెల్లర్‌నే వాడవచ్చో లేదో చెబుతాను.