1972 కార్వెట్ వెనక కాలిపర్లు: ఇంట్లోనే విప్పి కట్టాలా, బయటికి పంపాలా?

డాలస్_స్టింగ్‌రే

అందరికీ నమస్కారం. నా దగ్గర 1972 కార్వెట్ స్టింగ్‌రే ఉంది. చలికాలమంతా గ్యారేజీలోనే ఉంచి ఈ మధ్య బయటికి తీస్తే, వెనక ఎడమ టైరు లోపలివైపు బ్రేక్ ఫ్లూయిడ్ చారలు కనిపించాయి. పెడల్ మెత్తగా కిందికి దిగుతోంది, రెండుమూడుసార్లు తొక్కితే మళ్లీ గట్టిపడుతోంది. కుడివైపు తడి ఏమీ లేదు.

కాలిపర్లకు, అంటే ప్యాడ్లను డిస్కుకు అదిమి బ్రేకు వేసే భాగాలకు, సీళ్లు, డస్ట్ బూట్ల కిట్టు తెచ్చి నేనే కట్టుకుందామని ఉంది. స్నేహితులు మాత్రం బ్రేకులతో ఆటలొద్దు, పాతవి ఇచ్చేసి తయారుగా ఉన్నవి తెచ్చుకో అంటున్నారు. ఈ పని స్వయంగా చేసినవారు ఏమంటారు?

నూజెర్సీ_రెంచి

ఇంట్లో చేయకండి. నేను కారు పనులన్నీ సొంతంగా చేసుకుంటాను, అయినా ఇదే చెబుతాను.

ఈ కార్లకు 1965 నుంచి 1982 వరకు దాదాపు ఒకే రకం బ్రేకులు వచ్చాయి. పోత ఇనుముతో చేసిన కాలిపర్, రెండు ముక్కలు కలిపి బోల్టులతో బిగించింది, ఒక్కోదానికి నాలుగు పిస్టన్లు. మామూలు బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కారు నెలల తరబడి కదలకుండా ఉంటే ఆ తేమ సీలు అంచు దగ్గరే చేరి బోరును, అంటే పిస్టన్ కదిలే గుండ్రటి రంధ్రం గోడను, తినేస్తుంది. అక్కడ గుంటలు పడ్డాక ఎంత మంచి రబ్బరు వేసినా మళ్లీ కారుతుంది. వర్క్‌షాపువాళ్లు బోరును పెద్దది చేసి స్టెయిన్‌లెస్ స్టీలు తొడుగు దించుతారు, ఆ తర్వాత ఒత్తిడి పెట్టి పరీక్షిస్తారు. ఈ రెండూ ఇంట్లో సాధ్యం కావు.

ఇంకో సంగతి. టెక్సస్‌లో సొంత వాహనాలకు ఏటా జరిగే భద్రతా తనిఖీని 2025 జనవరి 1 నుంచి ఎత్తేశారు. మీరు కట్టిన బ్రేకును మరో మనిషి చూసే అవకాశమే లేదు. కారులో మీ పిల్లలు కూడా ఎక్కుతారు కదా.

ఒహాయో_గ్యారేజీ

నూజెర్సీ గారు బోరు గురించి చెప్పిన ప్రతి మాటా నిజం. కానీ దాన్నుంచి ఆయన తేల్చిన సంగతి నాకు సమ్మతం కాదు. డాలస్ గారూ, ఇంట్లో చేయండి. కాకపోతే ముందు విప్పాల్సింది కాలిపర్ కాదు.

మీ కారులో రెండు వేర్వేరు జబ్బులు ఉండవచ్చు. తడి ఒకటి, మెత్తటి పెడల్ ఒకటి. తడికి కారణం బోరు. మెత్తదనానికి కారణం చాలాసార్లు రోటర్, అంటే చక్రంతో పాటు తిరిగే బ్రేకు డిస్కు.

ఈ కాలిపర్ పనితీరు తెలిస్తే ఆ సంగతి అర్థమవుతుంది. ప్రతి పిస్టన్ వెనక చిన్న స్ప్రింగు ఉంటుంది, అది ప్యాడును ఎప్పుడూ రోటర్‌కు ఆనించి ఉంచుతుంది. పిస్టన్ చుట్టూ ఉండే సీలుకు పలచటి పెదవి లాంటి అంచు ఉంటుంది. పెడల్ తొక్కినప్పుడు ఫ్లూయిడ్ ఆ అంచును బోరు గోడకు అదిమిపెట్టి కారకుండా ఆపుతుంది. తొక్కనప్పుడు దాని పట్టు తక్కువ. ఇప్పుడు రోటర్ వంకరగా తిరుగుతోందనుకోండి. ప్రతి చుట్టుకూ ప్యాడును లోపలికి తోస్తుంది, స్ప్రింగు మళ్లీ బయటికి నెడుతుంది. రోడ్డు మీద పోతున్నంతసేపూ నాలుగు పిస్టన్లు సైకిలు పంపులా ఆడుతూ, సీలు అంచు పక్కనుంచి కొంచెం కొంచెంగా గాలిని లోపలికి లాగుతాయి. బయట చుక్క కారదు, పెడల్ మాత్రం మెత్తబడుతుంది. బ్లీడింగ్ చేస్తే, అంటే ఫ్లూయిడ్‌లో చేరిన గాలిని బయటికి పంపితే, బాగుపడుతుంది, కొన్నాళ్లకు మళ్లీ మామూలే. ఎంతోమంది కాలిపర్ మీద కాలిపర్ మార్చి డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే.

వెనక చక్రాలకు ఇది మరీ ఎక్కువ. ఫ్యాక్టరీలో వెనక రోటర్‌ను స్పిండిల్‌కు, అంటే చక్రం తిరిగే ఇరుసుకు, రివెట్లు కొట్టి, రెండింటినీ కలిపి చెక్కి సమంగా చేశారు. తర్వాత ఎవరో రివెట్లు డ్రిల్ చేసి కొత్త రోటర్ తగిలించి ఉంటే, ఆ సమం పోయినట్టే. రోటర్ ఊగడం 0.005 అంగుళం వరకు ఫరవాలేదని చాలామంది అంటారు. వెనకవైపు నేను 0.003 దాటనివ్వను.

కాబట్టి చక్రం తీయండి, హ్యాండ్ బ్రేక్ వదలండి, నట్లు బిగించి రోటర్‌ను గట్టిగా ఆనించండి. సన్నటి వంకరను కూడా కొలిచే డయల్ ఇండికేటర్‌ను, చక్రాన్ని మోసే ట్రెయిలింగ్ ఆర్మ్‌కు బిగించి రోటర్‌ను చేత్తో ఒక చుట్టు తిప్పండి. అంతకంటే ముందు రోటర్‌ను పట్టుకుని లోపలికీ బయటికీ లాగి చూడండి. బేరింగ్ వదులైతే ఇండికేటర్ చూపే అంకెను నమ్మలేం.

ఆ తర్వాతే కాలిపర్. రెండు ముక్కలు విడదీసి, పిస్టన్లు తీసి, బోరును ఆల్కహాల్‌తో తుడిచి, గోటితో నిలువునా గీసి చూడండి. సీలు తిరిగే చోట గోరు ఎక్కడా ఆగకపోతే లేత మరకే, సన్నగా హోనింగ్ చేస్తే, అంటే రాపిడి రాయితో నునుపు చేస్తే, పోతుంది. గోరు తట్టుకుంటే ఆ కాలిపర్‌కు ఇంట్లో చికిత్స లేదు, తొడుగుకు పంపాల్సిందే. నూజెర్సీ గారూ, నా వాదన ఇంతవరకే. ఇంట్లో విప్పేవాడు ఏది తన పని, ఏది కాదో కళ్లారా చూసి తేల్చుకుంటాడు. పెట్టె విప్పి కొత్త కాలిపర్ తగిలించేవాడు వంకర రోటర్‌ను అలాగే వదిలేస్తాడు.

పాత ప్యాడ్లు ఏ కాలానివో తెలియకపోతే ఆ ధూళిలో ఆస్బెస్టాస్ ఉందనే అనుకోండి. గాలి కొట్టి ఊదవద్దు, తడిగుడ్డతో తుడవండి.

బర్మింగ్‌హామ్_ఈటైప్

కార్వెట్ యజమానులు అదృష్టవంతులని చెప్పడానికి వచ్చాను. నాది జాగ్వార్ ఈ-టైప్. 1961లో ఈ కారు వచ్చినప్పటి నుంచి వెనక డిస్కులు చక్రాల దగ్గర ఉండవు, వెనక చక్రాలకు శక్తిని పంచే డిఫరెన్షియల్‌కు ఇరుపక్కలా అంటుకుని ఉంటాయి. కాలిపర్ చక్కగా చేతికందాలంటే సైలెన్సర్లు, డ్రైవ్ షాఫ్టు, రేడియస్ ఆర్ములు, హ్యాండ్ బ్రేక్ కేబులు అన్నీ విప్పి, వెనక సస్పెన్షన్ మొత్తాన్ని కిందికి దించాలి. అంత శ్రమపడి దించాక కాలిపర్లు మాత్రం చూసి పైకెత్తడం అవివేకం. డిఫరెన్షియల్ షాఫ్టుల దగ్గరి ఆయిల్ సీళ్లు కారితే ఆ నూనె నేరుగా డిస్కు మీదే పడుతుంది, అందుకని వాటినీ అప్పుడే మార్చాలి.

నేను ఒహాయో గారి పక్షమే, కానీ ఒక షరతు. ఇక్కడ బ్రిటన్‌లో 2018 మే నుంచి నలభై ఏళ్లు దాటిన కార్లకు, పెద్ద మార్పులు చేయకపోతే, వార్షిక తనిఖీ తప్పనిసరి కాదు. అయినా నేను ఏటా స్వచ్ఛందంగా తీసుకెళ్లి చేయిస్తాను. రోలర్ల మీద కుడి ఎడమల బ్రేకు బలం విడివిడిగా కొలుస్తారు. రోడ్డు మీద నా కాలికి తెలియని తేడా అక్కడ బయటపడుతుంది. ఇంట్లో కట్టుకోండి, కొలిచేది మాత్రం ఇంకొకరు కావాలి.

నూజెర్సీ_రెంచి

రోటర్ మాట ఒప్పుకుంటున్నాను, అది ముందు చూడాల్సిందే. కానీ దానికి సులువైన విరుగుడు ఉంది కదా. పెదవి సీళ్లకు బదులు గాడి కోసిన పిస్టన్లకు ఓ-రింగులు వేసిన కాలిపర్లు దొరుకుతున్నాయి. ఓ-రింగు రెండువైపులా ఒకేలా పట్టుకుంటుంది కాబట్టి రోటర్ కాస్త ఊగినా గాలి లాగదు. కొత్తగా పని మొదలుపెట్టే మనిషికి స్పిండిల్, షిమ్ములు (వంకర సరిచేయడానికి మధ్యలో పెట్టే పలచటి రేకులు), ఇండికేటర్ అంటూ ఇంత తతంగం అవసరమా?

ఒహాయో_గ్యారేజీ

అవసరమే. ఓ-రింగు గాలిని ఆపుతుంది, వంకరను ఆపదు. రోటర్ ఊగుతూనే ఉంటుంది, ప్యాడ్లు ఆడుతూనే ఉంటాయి. మెత్తటి పెడల్ మీకు ఇంతకాలం ఇచ్చిన హెచ్చరిక ఒక్కటే ఆగిపోతుంది. బేరింగ్ వదులై రోటర్ ఊగుతున్న కారులో ఆ హెచ్చరిక ఎంత విలువైనదో ఆలోచించండి. రోటర్ సరిచేశాక ఓ-రింగులు వేసుకుంటానంటే నాకు అభ్యంతరం లేదు. రోటర్‌కు బదులుగా వేయడాన్నే వ్యతిరేకిస్తున్నాను.

ఫ్లూయిడ్ గురించి ఎవరూ అడగలేదు కానీ అడుగుతారు. నిలిపి ఉంచే కార్లకు సిలికాన్ రకం, అంటే డాట్ 5, మంచిదనే వాదన ఉంది. అది తేమ పీల్చదు, పెయింటును పాడుచేయదు. కానీ దానిలో బుడగలు తేలిగ్గా పుట్టి త్వరగా పోవు, బ్లీడింగ్ ఓపికగా చేయాలి. మామూలు గ్లైకాల్ రకాలైన డాట్ 3, డాట్ 4తో ఎన్నడూ కలపకూడదు. డాట్ 5.1 అనేది పేరు దగ్గరగా ఉన్నా సిలికాన్ కాదు, గ్లైకాల్ జాతే. నా ఓటు డాట్ 4కి, రెండేళ్లకోసారి మారుస్తూ. కొత్తగా ఉన్నప్పుడు మరిగే స్థానం కనీసం 230 డిగ్రీల సెల్సియస్ ఉండాలి, తేమ పట్టాక 155 దాకా పడిపోయినా ప్రమాణం ప్రకారం చెల్లుతుంది. మార్చకుండా ఏళ్లు గడిపితే ఏమవుతుందో ఆ రెండు అంకెలే చెబుతాయి.

డాలస్_స్టింగ్‌రే

అందరికీ ధన్యవాదాలు. ఇండికేటర్ తెచ్చి కొలిచాను. ఎడమ రోటర్ 0.009 అంగుళం ఊగుతోంది, రివెట్లు లేవు. కుడివైపు 0.002, రివెట్లు పదిలంగా ఉన్నాయి. ఎడమ కాలిపర్ విప్పితే లోపలి ముక్క కింది బోరులో గోరు స్పష్టంగా తట్టుకుంటోంది. మిగతా మూడు నున్నగానే ఉన్నాయి.

కాలిపర్లు రెండూ తొడుగుకు పంపుతున్నాను. మార్పిడికి ఇవ్వడం లేదు, నావే నాకు తిరిగి కావాలి. ఈ కారును ఎప్పుడైనా పునరుద్ధరణ పోటీలో నిలబెడితే అసలు పోత ముక్కలే ఉండాలి, తొడుగు లోపల ఉంటుంది కాబట్టి కనిపించదు. సీళ్లు, పిస్టన్లు నేనే కడతాను. ఒహాయో గారూ, ఎడమ రోటర్‌ను ఏం చేయమంటారు? కొత్తది కొననా?

నూజెర్సీ_రెంచి

తొడుగు బయట, కట్టడం ఇంట్లో అంటే నాకు అభ్యంతరం లేదు. కట్టేటప్పుడు గ్రీజు, ఇంజన్ ఆయిల్ సీళ్లకు సోకనివ్వవద్దు, ఉబ్బిపోతాయి. శుభ్రమైన బ్రేక్ ఫ్లూయిడ్‌తో తడిపి ఎక్కించండి. పెదవి తెరుచుకున్న వైపు బోరు లోపలికి ఉండాలి. రెండు ముక్కల మధ్య ఫ్లూయిడ్ దాటే రంధ్రం దగ్గరి చిన్న రింగులు మరచిపోకండి.

ఒహాయో_గ్యారేజీ

అప్పుడే కొనకండి. ముందు దాని మందం చూడండి, 1.215 అంగుళం కంటే తగ్గితే మార్చాల్సిందే. సరిపోతే రోటర్ తీసి, స్పిండిల్ ముఖం మీద తుప్పు గీకి శుభ్రం చేసి, ఒక్కో బోల్టు దూరం తిప్పుతూ ఐదు స్థానాల్లోనూ కొలవండి. ఏ స్థానంలో తక్కువ వస్తే అక్కడ గుర్తు పెట్టుకోండి. ఒక్కోసారి ఇంతటితోనే సగం పోతుంది. మిగిలినదానికి ఏటవాలుగా చెక్కిన పలచటి షిమ్ములు దొరుకుతాయి. మొదట స్పిండిల్ ముఖాన్ని కూడా కొలవండి. అదే వంకరైతే ఏ రోటర్ వేసినా ప్రయోజనం లేదు.

తిరిగి బిగించాక బ్లీడింగ్ చేయాలి. ఒక్కో వెనక కాలిపర్‌కు బ్లీడర్లు, అంటే గాలి వదిలే మరలు, రెండేసి ఉంటాయి, లోపలి ముక్కకు ఒకటి, బయటి ముక్కకు ఒకటి. బయటిదాన్ని వదిలేస్తే ఆ గాలి అక్కడే ఉండిపోతుంది. రెండింటి నుంచీ గాలి తీయండి. తర్వాత ఇంజన్ ఆపి ఉన్నప్పుడే పెడల్‌ను బలంగా తొక్కి పట్టి, ఇంకొకరిని లైటుతో ప్రతి జాయింటూ చూడమనండి. మీ కారుకు ముందు, వెనక బ్రేకుల ఫ్లూయిడ్ విడివిడిగా ఉంటుంది. 1967 మోడల్ నుంచీ అంతే. వెనకది పోయినా ముందుది పనిచేస్తుంది, కానీ ఆ నమ్మకంతో మొదటి రోజే హైవే ఎక్కకండి. ఇంటి చుట్టుపక్కల వీధుల్లో తిప్పి, తెచ్చి, మళ్లీ చక్రాలు విప్పి చూడండి. రెండు నెలల తర్వాత పెడల్ ఎలా ఉందో ఇక్కడ రాయండి.