షూట్ చేస్తున్నప్పుడు లెన్స్ క్యాపులు ఎక్కడ పెడతారు?

లంకపిట్ట, రాజోలు

అందరికీ నమస్కారం. కనుమకు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో (దేవుళ్ళ ఎత్తైన అలంకార చట్రాలైన ప్రభలను ఊరేగించే ఉత్సవంలో) ఫోటోలు తీయబోతున్నాను. ఆలోగా ఒక చిక్కు తేల్చుకోవాలి. లెన్సు మీద నుంచి తీసిన క్యాపును మీరంతా ఎక్కడ పెడుతున్నారు?

నా దగ్గర ఉన్నది క్యానన్ డీఎస్‌ఎల్‌ఆర్. లెన్సులు మూడు: 18-55, 55-250 జూమ్‌లు, ఒక 50 (ఇవి ఫోకల్ లెంగ్తులు, అంటే లెన్సు దృశ్యాన్ని ఎంత దగ్గరగా చూపిస్తుందో చెప్పే మి.మీ. అంకెలు). మొదటి రెండింటికీ ముందు క్యాపు 58 మి.మీ., 50కి మాత్రం 49. పెళ్ళిళ్ళ కాలంలో ఒక బృందంతో కలిసి పనిచేస్తాను. కల్యాణ మండపంలో ఏదో ఒక బల్ల ఉంటుంది, సంచి పక్కనే ఉంటుంది, క్యాపుకు చోటు దొరుకుతుంది. బయటికి వచ్చాకే కష్టం. సఖినేటిపల్లి రేవులో పంటు (వాహనాలను దాటించే పెద్ద పడవ) ఎక్కి వశిష్ఠ మీద పొద్దు తీయాలంటే చుట్టూ వాహనాలు, ఎదురుగాలి. క్యాపు చేతిలోంచి జారితే చక్రాల కిందికో, నేరుగా గోదావరిలోకో పోతుంది. కోరింగ మడ అడవుల్లో చెక్క బాట మీద నడుస్తున్నప్పుడు పలకల కింద ఉన్నదంతా బురదే. అందులో పడినది తిరిగి చేతికి రాదు. పైగా ఆ వేర్ల మధ్య ఒక ప్లాస్టిక్ ముక్కను వదిలి రావడానికి నాకు మనసొప్పదు.

తీర్థం సంగతి ఇంకా కష్టం. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలను భుజాల మీద మోస్తూ కౌశికలోకి దిగుతారు కదా. వాళ్ళు నీళ్ళలో ఉన్నంతసేపు నాకు 55-250 కావాలి. గట్టెక్కి జనంలోకి వచ్చేసరికి 18-55 కావాలి. క్యాపు కోసం తడుముకుంటూ ఉంటే ఆ మధ్యలో ప్రభ గట్టెక్కిపోతుంది. ఆ ఒత్తిడిలో సంచి కింద పెట్టే వీలు కూడా ఉండదు. ‘జేబులో వేసుకోండి’ అని చాలామంది చెబుతారు. ఆడవాళ్ళ దుస్తులకు పనికివచ్చే జేబులు ఉండవన్న సంగతి దయచేసి గుర్తుపెట్టుకుని సలహా ఇవ్వండి.

క్యాపుకు అంటించే దారాలు, బెల్టుకు తగిలించే క్లిప్పులు దుకాణాల్లో కనిపిస్తున్నాయి. వాటిలో నమ్మదగ్గది ఏది? అసలు క్యాపు లేకుండానే రోజంతా తిరగవచ్చా? తీర్థంలో దుమ్ము, బాణసంచా పొగ, తీరంలో ఉప్పుగాలి తలచుకుంటే ధైర్యం చాలడం లేదు.

యానాం తీరం

నా ఓటు దారానికే. క్యాపు మధ్యలో అంటించే చిన్న బిళ్ళ, దానికి దారం, దారం చివర లెన్సు చుట్టూ పట్టే సాగుడు పట్టీ. గౌతమి మీద పడవలో తిరిగేవాళ్ళకు ఇంతకు మించినది లేదు. చెయ్యి వదిలినా నీళ్ళలో పడదు.

జిగురు దగ్గరే జాగ్రత్త పడాలి. మన ఉక్కకు అది తొందరగా వదులుతుంది. అంటించే ముందు క్యాపును స్పిరిట్‌తో తుడిచి, అంటించాక ఒక రాత్రంతా కదపకుండా ఉంచండి. ఆ తరువాత కూడా వారానికి ఒకసారి లాగి చూసుకోవడం మంచిది.

పాత స్టూడియో, అమలాపురం

అమ్మా, మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. రెండు జూమ్‌లకూ క్యాపు 58 అన్నారు. దాని దగ్గరికి వస్తాను.

మాది మా నాన్నగారి కాలం నాటి స్టూడియో. నేను పని నేర్చుకున్నది యాషికా మీద. పైనా కిందా ఉండే రెండు లెన్సులనూ కలిపి మూసే మూత దానికి ఉండేది. అది తీయగానే చొక్కా ఎడమ జేబులో పడాలి. బల్ల మీద పెట్టినా, ఎవరి చేతికైనా ఇచ్చినా నాన్నగారు ఒప్పుకునేవారు కాదు. ఇప్పుడు నా దగ్గర పనికి వచ్చే పిల్లలకు నేనూ అదే మొదటి పాఠంగా చెబుతున్నాను. ఆ చోటు జేబే కానక్కరలేదు, కానీ ప్రతిసారీ అదే చోటు కావాలి. చూడకుండా చెయ్యి అక్కడికి వెళ్ళాలి.

అయితే షూట్ నడుస్తున్నంతసేపూ ముందు క్యాపుతో పనే పడకుండా చూసుకోవడం అంతకంటే మేలు. క్యాపు సంచిలో ఉన్న లెన్సు కోసం. మెడలో ఉన్న కెమెరా లెన్సుకు కాపలా కాయవలసింది హుడ్, అంటే లెన్సు ముందు తగిలించే గొట్టంలాంటి తొడుగు. పక్క నుంచి పడే వెలుగును ఆపడానికే దాన్ని చేశారు, నిజమే. కానీ తీర్థంలో పక్కవాడి మోచెయ్యి తగిలినా, తోటలో కొబ్బరాకు గీసుకున్నా ఆ దెబ్బ ముందు హుడ్ అంచు మీద పడుతుంది, అద్దం మీద కాదు. మీ లెన్సులతో పాటు పెట్టెలో హుడ్ రాదు, విడిగా కొనుక్కోవాలి. కనుమలోగా 55-250కి తప్పకుండా కొనండి. కొన్నాక దాన్ని వెనక్కి తిప్పి తగిలించుకుని తిరగకండి. చాలామంది అలాగే తిరుగుతారు. అలా ఉంటే అది దేన్నీ కాపాడదు.

ఉప్పుగాలికి క్యాపు మందు కాదు. ఫోటో తీసేటప్పుడు ఎలాగూ క్యాపు ఉండదు కదా. అంతర్వేదిలో అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర కాసేపు నిలబడితే చాలు, అద్దం మీద సన్నని పొర పడుతుంది. అలాంటి చోట లెన్సు ముందు 58 మి.మీ. క్లియర్ ఫిల్టర్ (రంగు లేని రక్షణ అద్దం) వేసుకోండి. ఒక్కటి కొంటే రెండు జూమ్‌లకూ సరిపోతుంది. పొర పడింది కదా అని పొడి గుడ్డతో రుద్దవద్దు, అందులో ఇసుక రేణువులు ఉంటే గీతలు పడతాయి. మొదట బ్లోయర్‌తో ఊది, తరువాత లెన్సు శుభ్రం చేసే ద్రవంతో తడిపిన మెత్తని గుడ్డతో తుడవండి. రాత్రి దీపాల ముందు మాత్రం ఆ ఫిల్టర్ తీసేయండి. లేకపోతే అక్కడ లేని దీపాలు కూడా ఫోటోలో కనిపిస్తాయి.

ఇప్పుడు మీరు అడగని సంగతి. అందరూ ముందు క్యాపు గురించే బాధపడతారు. నా లెక్కలో అసలు కాపాడుకోవలసింది వెనక క్యాపును. ముందు అద్దం మీద నాలుగు దుమ్ము రేణువులు పడినా ఫోటోలో తెలియదు. వెనక అద్దం మీద పడిన మరక చాలా తొందరగా బయటపడుతుంది. ఆ వైపు చేరిన దుమ్ము కెమెరా లోపలికి వెళ్ళి, ఫోటోను నమోదు చేసే సెన్సార్ మీద కూర్చుంటుంది. కెమెరాతో లెన్సును కలిపే ఆ బంగారు రంగు చుక్కలు ఉండేదీ అక్కడే. వాటికి వేలి చెమట, ఉప్పు తగలకూడదు.

మీ మూడు లెన్సులకూ వెనక క్యాపు ఒకటే రకం. దీన్ని వాడుకోండి. కెమెరాకు 55-250 ఉంది, 18-55 పెట్టాలి అనుకుందాం. సంచిలో ఉన్న 18-55 వెనక క్యాపును ముందుగానే సడలించి ఉంచండి. కెమెరాను నేలవైపు వంచి పట్టుకుని 55-250 తీయండి, 18-55 తగిలించండి, దాని నుంచి వచ్చిన వెనక క్యాపును వెంటనే 55-250కి బిగించండి. అంటే క్యాపును ఎక్కడా పెట్టలేదు, ఒక లెన్సు మీద నుంచి ఇంకో లెన్సు మీదికి వెళ్ళింది. ముందు క్యాపుదీ అదే దారి. రెండూ 58 కాబట్టి 18-55 మీద ఉన్నది 55-250 మీదికి వెళ్తుంది. ఈ మార్పిడిని ఇంట్లో మంచం మీద కూర్చుని, చూడకుండా చేయగలిగేంతవరకు సాధన చేయండి. తీర్థానికి 50 తీసుకువెళ్ళకండి. దాని 49 క్యాపు ఈ వరసను చెడగొడుతుంది.

ఇక మిగిలేవి పొద్దున కెమెరా బయటికి తీసినప్పుడు చేతికి వచ్చే క్యాపులే. వెనక క్యాపును, బాడీ క్యాపును (లెన్సు లేనప్పుడు కెమెరాకు పెట్టే మూతను) ఎదురెదురుగా పెట్టి తిప్పితే ఒకదానికొకటి బిగుసుకుంటాయి. లోపలికి దుమ్ము చేరదు, విడివిడిగా వెతుక్కునే పని ఉండదు. ముందు క్యాపు కోసం కెమెరా పట్టీకి ఒక చిన్న గుడ్డ సంచి కుట్టించుకోండి. దర్జీకి క్యాపు చూపిస్తే చాలు. లోపల నూలు పోగులు రాలే గుడ్డ వేయవద్దని గట్టిగా చెప్పండి. జేబుతో వచ్చే అసలు ఇబ్బంది అదే. పోగులు క్యాపు లోపలి వైపు అంటుకుని, మళ్ళీ మూయగానే అద్దం మీద రాలతాయి.

యానాం మిత్రుడితో నాకు ఒక్క విషయంలో తేడా ఉంది. పడవలో దారం మంచిదే, కాదనను. జనంలో మాత్రం పనికిరాదు. వేలాడే క్యాపు ఎవరి గుండీకో, కండువాకో చిక్కుకుంటుంది. గాలికి ఊగి లెన్సుకు తగులుతూ ఉంటే వీడియోలో ఆ టకటక అంతా రికార్డవుతుంది. 18 దగ్గర తీసేటప్పుడు ఒక్కోసారి ఊగి ఫ్రేములోకి కూడా వస్తుంది.

యానాం తీరం

వీడియో విషయంలో మీరు చెప్పింది ఒప్పుకుంటాను, గురువు గారూ. నేను తీసేవన్నీ ఫోటోలే. పడవలో మాత్రం నా దారం నాకు ఉండాల్సిందే.

మడకొంగ, తాళ్ళరేవు

పాత స్టూడియో గారు చెప్పినదంతా డీఎస్‌ఎల్‌ఆర్‌కు సరిపోతుంది. మిర్రర్‌లెస్ వాడేవాళ్ళు ఇక్కడ కొంచెం ఆగాలి. డీఎస్‌ఎల్‌ఆర్‌లో లెన్సుకూ సెన్సార్‌కూ మధ్య మిర్రర్, అంటే ముఖం చూసుకునే రకం అద్దం, అడ్డుగా ఉంటుంది. మిర్రర్‌లెస్‌లో ఆ అడ్డు లేదు. కొన్ని మోడళ్ళు ఆఫ్ చేయగానే షట్టర్ మూస్తాయి, చాలావాటిలో సెన్సార్ అలాగే తెరిచి ఉంటుంది. కోరింగ పడవలో కెమెరాను ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని కబుర్లలో పడితే పొద్దు నేరుగా లెన్సులోకి దిగుతుంది. భూతద్దం కింద కాగితానికి ఏమవుతుందో సెన్సార్‌కూ అదే కావచ్చు. షట్టర్ మూసి ఉన్నా దాని రెక్కలు చాలా పలుచన, అవీ వేడికి పాడవుతాయి. నేరుగా పడే ఎండను హుడ్ ఆపలేదు. కాబట్టి మేము ఫోటో తీయని ప్రతిసారీ క్యాపు పెడతాం, లేదా లెన్సును కిందికి వేలాడేలా పట్టుకుంటాం.

ఇంకో మాట. క్యాపు నల్లగా ఉంటుంది, మా బురదా నల్లగానే ఉంటుంది. క్యాపు ముందు వైపు పసుపు పచ్చ టేపు ముక్క అంటించండి. ఆటు మీద నీరు దిగి ఉన్నప్పుడు శ్వాస వేర్ల మధ్య పడినా ఎక్కడుందో కనిపిస్తుంది. అయినా తీయడానికి మీరు దిగవద్దు, పడవ నడిపేవాళ్ళకు చూపించండి. ఏ బురద కాలు మోపనిస్తుందో, ఏది లోపలికి లాగుతుందో వాళ్ళకు తెలుసు.

లంకపిట్ట, రాజోలు

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. క్యాపును ఒక లెన్సు మీద నుంచి ఇంకో లెన్సు మీదికి మార్చే పద్ధతి ఇప్పుడే చేసి చూశాను. వెనక క్యాపు చక్కగా వస్తోంది. ముందు క్యాపు దగ్గరే ఆగిపోతున్నాను. నా 18-55ది పాత క్యాపు, రెండు పక్కలా అంచుల్లో నొక్కాలి. స్నేహితురాలి హుడ్ తెచ్చి పెట్టి చూస్తే వేళ్ళు అంచు దాకా వెళ్ళడం లేదు. దీనికి ఏం చేయాలి?

ఇంకొక సందేహం కూడా. కౌశిక గట్టున నీళ్ళు చిమ్మి లెన్సు తడిస్తే, అప్పుడైనా వెంటనే క్యాపు పెట్టేయవచ్చు కదా?

పాత స్టూడియో, అమలాపురం

పాత క్యాపును ఇంట్లో ఉంచేసి, మధ్యలో నొక్కే రకం కొనండి. హుడ్ తగిలించి ఉన్నా రెండు వేళ్ళు లోపలికి పెట్టి తీయవచ్చు. దుకాణంలో ‘18-55 క్యాపు’ అని అడగకండి. ‘50 లెన్సు క్యాపు’ అని అడిగి 50 మి.మీ. క్యాపు తెచ్చుకున్నవాళ్ళు మా స్టూడియోకు వస్తూనే ఉంటారు. ఆ 50 ఫోకల్ లెంగ్త్, మూతి కొలత కాదు. లెన్సు ముందు అంచు మీద సున్నాకు అడ్డగీత ఉన్న గుర్తు పక్కన రాసినదే క్యాపు కొలత. కొనే ముందు అక్కడే లెన్సుకు పెట్టి, తలకిందులు చేసి కాస్త విదిలించి చూడండి. చవక రకాల్లో స్ప్రింగు మెత్తగా ఉండి, సంచిలో నడక కుదుపులకే ఊడి వస్తుంది.

తడి లెన్సుకు మాత్రం క్యాపు పెట్టకండి. తేమ లోపలే ఉండిపోతుంది. మన కోనసీమ గాలికి అలా మూసి పెడితే అద్దానికి బూజు పడుతుంది. బూజు వేర్లు పూతను తినేశాక ఎంత తుడిచినా ఆ మచ్చ పోదు. ముందు మెత్తని గుడ్డతో నీటిని అద్దండి, రుద్దవద్దు. హుడ్‌తోనే ఇంటికి తీసుకువచ్చి, ఫ్యాను గాలికి ఆరనిచ్చి, క్యాపు లోపలి వైపు కూడా తుడిచి, ఆ తరువాతే మూయండి. సిలికా జెల్ పొట్లాలు వేసిన గాలి చొరని డబ్బాలో పెట్టండి.

మడకొంగ గారు మిర్రర్‌లెస్ గురించి చెప్పింది నిజం. రేపు మీరు ఆ కెమెరాకు మారితే నా మాట పక్కన పెట్టి ఆయన మాట వినండి.

లంకపిట్ట, రాజోలు

చాలా సంతోషం. సంచి గుడ్డ ఈ సాయంత్రమే దర్జీకి ఇస్తున్నాను. మూతికి వెల్క్రో పెట్టమని చెప్పనా?

పాత స్టూడియో, అమలాపురం

వద్దమ్మా. వెల్క్రోకు దుమ్ము, పోగులు పట్టుకుంటాయి. మంత్రాలు చదువుతున్నప్పుడు తీస్తే ఆ చప్పుడుకు పందిరంతా మీ వైపు తిరుగుతుంది. టిచ్ బటన్ ఒక్కటి పెట్టించండి, చాలు. సంచిని పట్టీకి ఎడమ వైపున, చెయ్యి మడిస్తే అందేంత ఎత్తులో కుట్టమనండి. కుడి చెయ్యి కెమెరా మీదే ఉండాలి.