మా బాబు పుట్టినరోజు వస్తోంది, ఇంట్లో ఎవరూ వాడి పేరు ఎత్తట్లేదు. ఏం చెయ్యమంటారు?

చిన్నోడి అమ్మ, ఒంగోలు:

అందరికీ నమస్తే అండీ. ఇది రాయాలా వద్దా అని వారం నుంచి ఆలోచిస్తున్నా. మా బాబుకి తలసేమియా మేజర్, అంటే పుట్టుకతోనే వచ్చే రక్తం జబ్బు, ఒంట్లో రక్తం సరిగ్గా తయారవదు, బయటి నుంచి ఎక్కిస్తూనే ఉండాలి. పోయిన ఆగస్టులో జ్వరం వచ్చి నాలుగు రోజుల్లో పోయాడు, ఏడేళ్ళు నిండి మూడు నెలలు. మే 19 వాడి పుట్టినరోజు.

ఫోటో మా అత్తయ్య తీసి బీరువాలో పెట్టేసింది, నేను చూసి ఏడుస్తున్నానని. మా ఆయన ముందు వాడి మాట వస్తే లేచి బయటికి వెళ్ళిపోతారు. చుట్టాలు పాప ఉందిగా దాన్ని చూసుకుని మర్చిపో అంటారు, కొందరైతే మేనరికం చేసుకున్నారు కాబట్టే ఇలా అయిందని నా ముందే అంటారు. మా వైపు పిల్లల్ని పూడుస్తారు, నన్ను రానివ్వలేదు, ఎక్కడ పెట్టారో కూడా నేను చూళ్ళేదు. చిన్నపిల్లలకి సంవత్సరీకాలవీ ఉండవన్నారు. మరి వాడికంటూ ఏముంటుందండీ?

ఏడో నెల నుంచే రక్తం ఎక్కించడం మొదలైంది. మూడు వారాలకోసారి పొద్దున్నే బస్సెక్కి గుంటూరు. మా ఆయన లాంగ్ బుక్కు ఒకటి పెట్టి తేదీ, బరువు, హెచ్‌బీ (హిమోగ్లోబిన్) ఎంత, సూది ఏ చేతికి పెట్టారు అన్నీ రాసేవారు. మొన్న లెక్కపెట్టా, 114 సార్లు. అన్నిటికీ ఎడమ చెయ్యే, కుడి చెయ్యి ఇచ్చేవాడు కాదు, బొమ్మలు వేసుకోవాలిగా. బుక్కు వెనక పేజీల నిండా ఆర్టీసీ బస్సులే. వాడికి అది ఆసుపత్రికెళ్ళే రోజు కాదండీ, బస్సెక్కే రోజు. డ్రైవర్ వెనక సీటు దొరక్కపోతే ఆ బస్సు వదిలేసి ఇంకోటి చూసేవాళ్ళం. పైన వేలాడే రక్తం బ్యాగు చూసి ఇది ఎవరిదమ్మా అనడిగేవాడు, నాకేం తెలుసు, ఎవరో అన్నయ్యదిరా అంటే బ్యాగు వైపు చూసి "థాంక్యూ అన్నయ్యా" అనేవాడు. ప్రతిసారీ అనేవాడు.

వాడి రోజున ఏం చెయ్యాలో చెప్పండి. అన్నదానం, అనాథాశ్రమం అని చాలామంది చెప్పారు, మంచివే, కానీ వాటిల్లో నాకు వాడు కనపడట్లేదు.

---

పార్వతీపురం పెద్దమ్మ:

తల్లీ, నా కూతురు 1996లో పోయింది, నాలుగేళ్ళది, మెదడువాపు. మా రోజుల్లో ఫోటో కూడా తీయించలేదు, దాని పరికిణీ ఒక్కటి నా ట్రంకు పెట్టెలో ఉంది. పాతికేళ్ళు ఎవరితోనూ దాని పేరు అనలేదు, అంటే మిగతా పిల్లలకి మంచిది కాదన్నారు, నేనూ నమ్మాను. మా ఆయన పోయే ముందు ఆసుపత్రి మంచం మీద దాని పేరు పెట్టి పిలిచాడు. అప్పుడు తెలిసింది నాకు, ఇన్నేళ్ళూ ఆయనా మోస్తూనే ఉన్నాడని. ఒకే ఇంట్లో ఉండి చెరో మూలా ఏడ్చుకున్నాం.

మీ ఆయన బయటికి వెళ్ళిపోతే మనసు లేక కాదమ్మా. 114 సార్లు ఏ చెయ్యో కూడా రాసుకున్న మనిషి. ఆ బుక్కు పట్టుకెళ్ళి పక్కన కూర్చో, ఏమీ అడక్కు, వాడు వేసిన బస్సులు చూపించు. ఫోటో మాత్రం ఈరోజే బయటికి తియ్యి. మీ అత్తగారితో తగువొద్దు, ఆవిడకీ మనవడే.

---

రక్తదాత, కరీంనగర్:

అక్కా, నేను ఇప్పటిదాంక 23 సార్లు రక్తం ఇచ్చిన. ఇచ్చినంక జ్యూస్ తాగి వస్తం, ఎవలకు పోతదో మాకు ఎన్నడూ తెల్వదు. మీ బాబు బ్యాగుకు థాంక్యూ చెప్పిండన్న ముచ్చట ఆఫీసుల చదివిన, లేచి బయటకు పోవాల్సి వచ్చింది.

నా మాటగా చెప్తున్న, వాని పేరు మీద క్యాంపు పెట్టుండ్రి. మే నెలల కాలేజీలు బంద్ ఉంటయి, ఎండలు, ఇచ్చేటోళ్ళు తక్కువైతరు, తలసేమియా పిల్లలకేమో మూడు వారాలకు కావాల్సిందే, వాళ్ళకు ఎండాకాలం సెలవులుండవు కదా. ఎర్రకణాలు నిల్వ ఉండేది 42 రోజులే మహా అంటే, అందుకే ఒక్కనాడే మస్తు మంది ఇచ్చుడు కన్న మూడు నెలలకోసారి కొద్దికొద్దిగ ఇచ్చుడు మంచిది. లైసెన్సున్న బ్లడ్ సెంటరోళ్ళతోని నెల ముందే మాట్లాడాలె, డాక్టరు, మంచాలు అన్నీ వాళ్ళే తెస్తరు. 18 నుంచి 65 ఏండ్ల లోపు, 45 కిలోలు, హెచ్‌బీ 12.5 ఉండాలె. మొగోళ్ళు మూడు నెలలకు, ఆడోళ్ళు నాలుగు నెలలకు ఇయ్యొచ్చు. నేనైతే ఏ ఊర్లెనన్న వస్త. బాబు వేసిన బస్సు బొమ్మ ఒక్కటి బ్యానర్ మీద పెట్టుండ్రి, ఉపన్యాసాలు వద్దు.

---

ఇంకో తలసేమియా తల్లి, హైదరాబాద్:

మా పాపకి 11 ఏళ్ళు, అదే ట్రీట్‌మెంట్. రాజేంద్రనగర్ వైపు శివరాంపల్లిలో తలసేమియా అండ్ సికిల్ సెల్ సొసైటీలో ఎక్కిస్తాం. మాది మేనరికం కాదండీ, ఆయన వాళ్ళది ఒక జిల్లా మాదొక జిల్లా, ఏ చుట్టరికమూ లేదు, అయినా ఇద్దరికీ తలసేమియా మైనర్ ఉంది, అంటే మనకి జబ్బుగా బయటపడదు గానీ పిల్లలకి చేరొచ్చు. రక్తసంబంధంలో చేసుకుంటే ఇద్దరికీ ఉండే అవకాశం పెరుగుతుంది అంతే. ఇద్దరికీ ఉన్నప్పుడు ప్రతి కాన్పుకీ నూటికి 25 వంతులు మేజర్ వచ్చే అవకాశం. మీరు తెలిసి చేసింది ఏమీ లేదు, ఆ మాట అన్నవాళ్ళని వాళ్ళ పిల్లలకి పెళ్ళికి ముందు హెచ్‌బీఏ2 టెస్టు, అదే మైనర్ ఉందో లేదో చూసే రక్తపరీక్ష, చేయించమనండి. కోపంతో కాదు, నిజంగానే అంటున్నా, మీ రెండు వైపులా మైనర్ ఉన్నవాళ్ళు ఇంకా ఉంటారు.

క్యాంపు మంచిదే గానీ ఈ మే 19కే వద్దేమో. వాడు లేకుండా వచ్చే మొదటి పుట్టినరోజు కదా, జనం మధ్య నిలబడి నవ్వుతూ అందరికీ జ్యూస్ ఇవ్వాలంటే మీ వల్ల కాకపోవచ్చు. ఆ రోజు మీ ముగ్గురే ఉండండి.

---

చిన్నోడి అమ్మ, ఒంగోలు:

అందరికీ ఒక్కొక్కరికీ రాయాలనుంది, చేతకావట్లేదు. పెద్దమ్మా, మీరు చెప్పినట్టే రాత్రి బుక్కు తీసుకెళ్ళి పక్కన కూర్చున్నా. ఆయన చాలాసేపు చూశారు. తర్వాత బుక్కు అట్టకి వేసిన బ్రౌన్ పేపరు మెల్లగా విప్పారు, లోపల బస్సు టికెట్లు. మడత నలగకుండా కట్టలు కట్టి పెట్టారు, చాలావాటికి అక్షరాలు చెరిగిపోయి ఉత్త తెల్లకాగితాలే మిగిలాయి. నాకు ఇన్నాళ్ళూ తెలీదు. వాడే దాచమన్నాడట, పెద్దయ్యాక కండక్టర్‌కి చూపిస్తానని.

ఫోటో బయటికి తీశాం, అత్తయ్యే తుడిచి పెట్టింది. పాపకి మూడేళ్ళు, దాన్ని చూసి అన్నయ్య బస్సెక్కాడా అంది.

తమ్ముడూ, క్యాంపు జూన్‌లో పెడతాం, నీకు చెప్తా, తప్పకుండా రా. మే 19న మాత్రం ముగ్గురం పొద్దున్నే గుంటూరు బస్సెక్కుతాం. డ్రైవర్ వెనక సీటు దొరికేదాకా ఆగుతాం.